గాలి లేని ఉదయాల సముద్రం: విశాఖ నుంచి భీమిలి దాకా

గోదావరి లంకల వైపు పుట్టి పెరిగిన నాకు సముద్రమంటే బురదనేల, మడచెట్లు, ఎంత దూరం నడిచినా మోకాళ్ళు దాటని నీళ్ళు. విశాఖపట్నం దగ్గర సముద్రం తీరే వేరు. తూర్పు కనుమల కొసలు ఇక్కడ నేరుగా నీటిలోకి దిగుతాయి. యారాడ కొండ డాల్ఫిన్స్ నోస్ రూపంలో సముద్రంలోకి చొచ్చుకుని ఉంటే, అక్కడి నుంచి ఉత్తరానికి కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ, భీమిలి పావురాళ్ళకొండ ఒకదాని తర్వాత ఒకటిగా తీరాన్ని కాచుకుని ఉంటాయి. ఖోండలైట్ రాయి శతాబ్దాల తరబడి అలల దెబ్బకు అరిగి, పగిలి, నీటి అంచున గుట్టలుగా పడి ఉంటుంది. ఇలాంటి తీరంలో మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చే రోజుల్లో వేట ఎలా సాగుతుందో దగ్గరగా చూడాలని నేను ఈ ప్రయాణం పెట్టుకున్నాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా 61 రోజుల వేట నిషేధం ఉంటుంది కనుక, దానికి ముందు వచ్చే ఈ వారాలు మత్స్యకారులకు ఎంతో విలువైనవి.

చలికాలమంతా వీచిన ఈశాన్యపు గాలి ఈ రోజుల్లో వెనక్కి తగ్గుతుంది. తెల్లవారుజామున నేల మీది నుంచి సముద్రం వైపు సన్నగా గాలి తోలుతుంది, పొద్దెక్కాక కాసేపు అసలు ఆకు కూడా కదలదు, మధ్యాహ్నం దాటాక నైరుతి నుంచి గాలి పుంజుకుంటుంది. అందుకే ఫైబర్ బోట్లు చీకటి ఉండగానే బయలుదేరి, నైరుతి గాలి లేచేలోపు ఒడ్డుకు చేరాలని చూస్తాయి. విశాఖ ఫిషింగ్ హార్బరులో పెద్ద మరబోట్ల సందడిని కాసేపు చూసి, నేను భీమిలి రోడ్డు పట్టుకున్నాను. నేను చూడదలచింది రాళ్ళ మధ్య జరిగే చిన్న వేటను.

మంగమారిపేట దగ్గర, తొట్లకొండకు దిగువన, అలలు తొలిచిన సహజ శిలాతోరణం ఉంది. నీరు వెనక్కి తగ్గినప్పుడు దాని దాకా నడిచి వెళ్ళవచ్చు. నేను చేరేసరికి ఆటు సమయం, నీరు చెరువులా నిశ్చలంగా ఉంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధుడితో, "తాతా, ఈ రోజు సముద్రం బాగుంది కదా, తెప్పలు వెళ్ళలేదేం?" అన్నాను. ఆయన వల మీది నుంచి చూపు ఎత్తకుండానే, "గాలి నేదు బాబూ, నిజమే. ఆ రాయి మీద తడి ఎంత ఎత్తుకెక్కిందో ఓసారి సూడండి" అన్నారు.

చూశాను. రాతికి పట్టిన నాచు, గవ్వపురుగులు ఒక గీత వరకే ఉన్నాయి, పోటు సమయంలో నీరు మామూలుగా చేరేది అంతవరకే. అయితే ఆ గీతకు నిలువెత్తు పైన కూడా రాయి నల్లగా తడిసి ఉంది, పగుళ్ళలో నీరు ఇంకా కారుతోంది. ఏదో పెద్ద అల కాసేపటి క్రితమే అంత ఎత్తుకు ఎక్కి దిగిందన్నమాట. అక్కడే కూర్చుని కనిపెట్టాను. చాలాసేపు చిన్న అలలే వచ్చాయి. ఆ తర్వాత, నురగ లేకుండా, చప్పుడు లేకుండా, సముద్రం మొత్తం ఒక్కసారి ఉబ్బినట్టయి, వరసగా నాలుగైదు పెద్ద కెరటాలు వచ్చి రాతిని నిలువునా కడిగేశాయి. ఆపైన మళ్ళీ మునుపటి నిశ్చలమే.

ఈ కెరటాలు ఇక్కడి గాలికి పుట్టినవి కావు. హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన, 40 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన రేగే తుఫానుల్లో పుట్టి, రోజుల తరబడి ప్రయాణించి బంగాళాఖాతానికి చేరతాయి. స్థానిక గాలికి లేచే అలకూ అలకూ మధ్య ఐదారు సెకన్లుంటే, వీటి మధ్య 15 సెకన్లకు పైగా ఎడం ఉండవచ్చు. లోతు నీటిలో వాటి ఎత్తు తెలియదు, రాళ్ళ దగ్గర లోతు తగ్గగానే లేచి నిలబడతాయి. వేసవి దగ్గరపడేకొద్దీ వీటి రాక పెరుగుతుంది. గాలి చూసి సముద్రాన్ని అంచనా వేసే నాబోటి మైదానపువాడికి వసంతకాలపు రాతి తీరం ఇందుకే ప్రమాదకరం. గేలాలు పట్టుకుని సెలవురోజుల్లో రాళ్ళ చివరికంటా వెళ్ళే కుర్రాళ్ళు ముందు ఒక పావుగంట ఒడ్డున నిలబడి ఆ తడి గీతను చూడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆ రాళ్ళే చేపలకు ఆశ్రయం కూడా. నీటి అడుగున రాతి గుట్టలు ఎక్కడున్నాయో జాలరులు కొండలను బట్టి గుర్తుపెట్టుకుంటారు. ఒడ్డు మీది రెండు గురుతులు ఒకే వరసలోకి వచ్చే చోటు, పక్కన మరో రెండు గురుతులు కలిసే చోటు చూసుకుని, ఆ రెండు గీతలు కలిసే చోట వల దించుతారు. అంగుళం తేడా వచ్చినా వల రాతికి చిక్కుతుంది. తాత చేతిలోని నైలాను వలలో రెండు మూరల మేర కన్నులన్నీ తెగిపోయి ఉన్నాయి. ఆయన ఒక్కో కన్నుకూ బొటనవేలు అడ్డం పెట్టి కొలత చూసుకుంటూ కొత్త దారంతో ముడి వేస్తున్నారు.

ఈ కాలంలోనే తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి బలంగా సాగుతుంది. చలికాలం మొదట్లో నదుల వరదనీటిని మోస్తూ దక్షిణానికి పారిన నీరే ఇప్పుడు దిశ మార్చి, దక్షిణం నుంచి ఉప్పుదనం హెచ్చిన నీటిని తెస్తుంది. నైరుతి గాలి తీరానికి సమాంతరంగా వీచేటప్పుడు భూభ్రమణం వల్ల పైనీరు కుడివైపుకు, అంటే లోపలి సముద్రానికి జరుగుతుంది, దాని స్థానంలోకి అడుగునుంచి చల్లని, పోషకాలు నిండిన నీరు పైకి వస్తుంది. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఈ తీరంలోనే దీన్ని పరిశీలించారు. ఇప్పుడు హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం, ఉపగ్రహాలు చూపే నీటి ఉష్ణోగ్రతనూ పచ్చదనాన్నీ బట్టి, ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో చేపలు దొరకవచ్చో చెబుతోంది. నీటిలో చెయ్యి ముంచి చల్లదనం చూసే జాలరి కూడా వెతికేది ఆ నీటినే.

దారిలో ఇసుక మీద ఒక ఆలివ్ రిడ్లే తాబేలు చచ్చి పడి ఉంది. అవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వచ్చే కాలమూ ఇదే. మనసు కలుక్కుమంది.

భీమిలిలో, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట, బోట్లు అప్పుడే ఒడ్డెక్కాయి. కానాగంతలు, కవ్వలు, గులివిందలు, రెండు కోనాలు కనిపించాయి. ఆడవాళ్ళు వలలోంచి చేపను మొప్పలు చిరగకుండా వెనక్కి జార్చి తీస్తున్న వేగం చూడవలసిందే. ఒకామె కోసిన కానాగంత కడుపులో గుడ్లు నిండుగా ఉన్నాయి. నిషేధం ఎందుకో ఆ పొట్టే చెబుతోంది. మరబోట్లు, ఇంజను బోట్లు ఏప్రిల్ మధ్యలో ఆగిపోతాయి. ఇంజను లేని తెప్పలకు మాత్రం నిషేధం వర్తించదు. దక్షిణపు కెరటాలు ఇంకా బలపడే ఏప్రిల్, మే నెలల్లో ఈ రాళ్ళ దగ్గర వేటలో మిగిలేది ఆ తెప్పలవాళ్ళే. సముద్రం ఉబ్బుతుందని ఇన్‌కాయిస్ ఇచ్చే హెచ్చరిక అందరికంటే ముందు చేరవలసింది వాళ్ళకే.