క్లైమాక్స్ పేరులోనే చెప్పేసిన సినిమా

కొత్త సినిమా రిలీజైన రోజు ఎవరైనా ట్విస్ట్ బయటపెడితే మనవాళ్ళు పడే గొడవ చూసినప్పుడల్లా నాకు రోబేర్ బ్రెసాన్ గుర్తొస్తాడు. జైలు నుంచి తప్పించుకునే ఖైదీ గురించి 1956లో సినిమా తీసి, దానికి ‘ఎ మ్యాన్ ఎస్కేప్డ్’ అని పేరు పెట్టాడు ఈ ఫ్రెంచాయన. ఒకడు తప్పించుకున్నాడు, అంతే. టికెట్ కొనేముందే క్లైమాక్స్ తెలిసిపోయింది. అది చాలదన్నట్టు లోపల హీరో తన కథని ఎప్పుడో జరిగిపోయిన సంగతిలా తానే చెప్పుకుపోతుంటాడు, అంటే ప్రాణాలతో బయటపడ్డాడనేగా. ఇంక టెన్షన్ ఎక్కడుంటుంది అనిపిస్తుంది కదా, ఉంటుంది, అదీ మామూలుగా కాదు. నేను ఎన్నోసార్లు చూసిన సినిమా ఇది, ఇప్పటికీ చివరి అరగంటలో ఫోన్ మోగితే తిట్టుకుంటాను.

నిజానికి మన వాళ్ళకి ఇది కొత్తగా ఉండాల్సిన పని లేదు. కృష్ణ రాయబారం చూడ్డానికి తెల్లవార్లూ కూర్చున్న జనంలో సంధి కుదరదని తెలియనివాడు ఎవడు? అయినా ‘చెల్లియో చెల్లకో’ అందుకోగానే వన్స్‌మోర్ అని అరిచేవాళ్ళు. ఏం జరుగుతుందో ముందే తెలిస్తే మనసు ‘ఎలా’ మీదకి పోతుంది. బ్రెసాన్ పట్టుకున్నది సరిగ్గా ఈ ‘ఎలా’నే, కాకపోతే పద్యాలు లేకుండా, రాగాలు లేకుండా, దాదాపు మొహంలో కండరం కూడా కదలకుండా.

కథ నిజంగా జరిగిందే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆంద్రే దెవిన్యీ అనే ఫ్రెంచ్ ప్రతిఘటన యోధుణ్ణి జర్మన్లు లియోన్ నగరంలోని మోంలూక్ జైల్లో పెట్టి మరణశిక్ష వేశారు, 1943 ఆగస్టులో ఆయన అక్కణ్ణుంచి తప్పించుకున్నాడు. తర్వాత ఆయన రాసుకున్న అనుభవాలే ఈ సినిమాకి ఆధారం. షూటింగ్‌లో ఆయనే పక్కనుండి సలహాలిచ్చాడు. బ్రెసాన్ కూడా యుద్ధంలో జర్మన్లకు బందీగా ఉండొచ్చినవాడే. బహుశా అందుకే ఈ సినిమాలో జైలు జీవితం మీద సానుభూతి ఒలకబోయడం కనిపించదు, పని కనిపిస్తుంది.

ఆ పని ఏంటంటే ఒక చెంచా. హీరో ఫోంతేన్ (సినిమాలో దెవిన్యీకి పెట్టిన పేరు) తన గది తలుపుని పరీక్షగా చూస్తాడు. గట్టి ఓక్ చెక్క పలకలు, కానీ వాటిని కలిపిన చోట వేసింది వేరే రకం మెత్తటి చెక్క. అంతే, అన్నం తినడానికిచ్చిన ఇనుప చెంచా ఒకటి దాచుకుని, నేలమీద అరగదీసి ఉలిలా చేసుకుంటాడు. ఆ తర్వాత గీకడం మొదలు. రోజుకి కొంచెం, కొంచెం. గీకినప్పుడు రాలిన పొట్టుని ఊడ్చి దాచాలి, పలక ఊడొచ్చాక మళ్ళీ యథాస్థానంలో పెట్టి తేడా కనపడకుండా చూసుకోవాలి, కాపలావాడి అడుగుల చప్పుడు వినపడితే ఆపాలి. కెమెరా ఆ చేతుల్ని వదలదు. చెంచా విరిగిపోయినప్పుడు నాకు గుండె జారింది, చెంచా విరిగితే గుండె జారడమేంటని ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

మా అమ్మ ఒకసారి వంటింట్లోంచి వచ్చి టీవీ వైపు చూసి, “వీడింకా తలుపు గీకుతూనే ఉన్నాడా?” అంది. అంది కానీ కదల్లేదు. చేతిలో గరిటె పట్టుకునే నిలబడి, ఓర్సినీ అనే ఇంకో ఖైదీ పట్టుబడేదాకా చూసింది.

తాళ్ళ సంగతి ఇంకో ఎత్తు. మంచం అల్లిక తీగ ఊడదీస్తాడు, గుడ్డలు చీరుస్తాడు, రెండూ కలిపి పేనుతాడు. చొక్కాలు, దుప్పట్లు ఏది దొరికినా తాడే. దీపం చట్రం వంచి కొక్కేలు చేస్తాడు. యాక్షన్ సినిమాల్లో ఇదంతా పాట వెనకాల ఒకటిన్నర నిమిషంలో అయిపోతుంది కదా, ఇక్కడ దాదాపు సినిమా అంతా ఇదే. అలాగని సాగదీత ఒక్కచోట కూడా లేదు. మొత్తం గంటా నలభై నిమిషాలు. ఆర్ట్ సినిమా అంటే స్లో అనేవాళ్ళకి ముందు ఇదే చూపించాలి, ఎందుకంటే ఇందులో షాట్లు చకచకా మారతాయి, ప్రతి షాట్‌కీ ఒక పని ఉంటుంది, ఆ పని అవ్వగానే కట్.

ఇంక శబ్దం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, దయచేసి. ఫోంతేన్‌కి తన గది బయట ఏముందో సరిగా కనిపించదు, వినిపిస్తుంది. మనకీ అంతే. మెట్ల కమ్మీ మీద కాపలావాడు తాళంచెవి రాపిస్తూ వెళ్ళే చప్పుడు, దూరంగా రైలు కూత, గోడ మీద పక్క ఖైదీ కొట్టే టక టక, ఎక్కడో తుపాకీ మోత. జర్మన్ సైనికుల మొహాలు దాదాపు చూపించడు, బూట్లూ గొంతులే. పారిపోయే రాత్రి ఫోంతేన్‌కి ఒక కిర్రు కిర్రు శబ్దం వినపడుతుంది, అదేంటో అతనికీ అర్థం కాదు, మనకీ అర్థం కాదు. తీరా చూస్తే రెండు గోడల మధ్య సైకిల్ మీద తిరుగుతున్న కాపలావాడు. ఒక పాత సైకిల్‌ని ఇంత భయంకరంగా వాడినవాళ్ళని నేనింకెక్కడా చూళ్ళేదు. పైకప్పు మీద గులకరాళ్ళలో అడుగేస్తే చప్పుడవుతుంది కాబట్టి రైలు వెళ్ళినప్పుడల్లా నాలుగడుగులు, మళ్ళీ ఆగడం. ఆ రైలు రాకపోతే మనమే తోసుకొచ్చేలా ఉంటాం.

నటన గురించి చెప్పాలి, ఎందుకంటే చాలామంది బ్రెసాన్ దగ్గర ఆగిపోయేది అక్కడే. ఆయన నటుల్ని పెట్టుకోడు. ఫోంతేన్‌గా చేసిన ఫ్రాన్స్వా లెతెరియే ఫిలాసఫీ చదువుకుంటున్న కుర్రాడు, అంతకుముందు నటించినవాడు కాదు. బ్రెసాన్ వీళ్ళని ‘మోడల్స్’ అనేవాడు, డైలాగులోంచి అభినయం పూర్తిగా ఆవిరైపోయేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించేవాడు. మొదటిసారి చూస్తే మొహాలు చెక్కబొమ్మల్లా అనిపించడం సహజం. నాకూ బ్రెసాన్ తర్వాతి సినిమాలు కొన్నిట్లో ఈ పద్ధతి మరీ బిర్రబిగుసుకుపోయిందనే అనిపిస్తుంది. కానీ ఇక్కడ మాత్రం ఖైదీకి మొహంలో ఏమీ కనపడనివ్వకపోవడం ప్రాణావసరం, కాబట్టి పద్ధతీ పాత్రా అతుకు కనపడకుండా కలిసిపోయాయి.

ఒంటరి వీరుడి కథలా మొదలయ్యే ఈ సినిమా నెమ్మదిగా దారి మార్చడం నాకు ఇంకా ఇష్టం. ఓర్సినీ ముందుగా ప్రయత్నించి పట్టుబడతాడు, కొక్కేలు కావాలని ఫోంతేన్‌కి తెలిసింది అతని వల్లే, ఆ తర్వాత అతన్ని కాల్చేస్తారు. పక్క గదిలో బ్లాంషే అనే ముసలాయన మొదట పలకరించినా పలకడు, అలాంటివాడు తాడు కోసం తన దుప్పటి ఇచ్చేస్తాడు. అన్నీ సిద్ధమైపోయాక, సరిగ్గా మరణశిక్ష ఖాయమైన రోజున, జోస్త్ అనే కుర్రాణ్ణి తెచ్చి ఫోంతేన్ గదిలో పడేస్తారు. ఒంటి మీద సగం జర్మన్, సగం ఫ్రెంచ్ యూనిఫాం. వేగులవాడా? చంపేయాలా, వెంట తీసుకెళ్ళాలా? హీరో చాలా ప్రశాంతంగా చంపడం గురించి ఆలోచిస్తాడు, మనం కూడా వద్దని గట్టిగా అనలేం. చివరికి తీసుకెళ్తాడు. ఆ రాత్రి ఒక గోడ దగ్గర అతనికి అర్థమవుతుంది, ఈ కుర్రాడు లేకపోతే తాను ఇక్కడే ఆగిపోయేవాడినని. అది కూడా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తాడు, పైన వయొలిన్లు మోగవు.

సంగీతం లేదని కాదు. మోజార్ట్ రాసిన సి మైనర్ మాస్ (చర్చి ప్రార్థన సంగీతం)లోంచి ‘కీరియే’ అనే భాగం వాడాడు, చాలా తక్కువసార్లు. ఎక్కడ వాడాడో తెలుసా, ఖైదీలు వరసగా తమ మలమూత్రాల బకెట్లు పారబోయడానికి మెట్లు దిగి వెళ్తుంటే! మొదటిసారి ఇదేం పెట్టుడురా అనిపించింది. ఇప్పుడు ఆ సీన్ వేరే సంగీతంతో ఊహించుకోలేను.

కాపలావాణ్ణి చంపే చోటు కూడా చెప్పి ఆపేస్తా. ఫోంతేన్ గోడకి ఆనుకుని చాలాసేపు ఆగుతాడు, తర్వాత మూల తిరిగి ఫ్రేమ్‌లోంచి వెళ్ళిపోతాడు. కెమెరా వెంట వెళ్ళదు. కాసేపటికి అతను తిరిగొస్తాడు. సినిమా మొదట్లో కార్లోంచి దూకి పారిపోయినప్పుడూ ఇదే వరస: అతను దూకేస్తాడు, కెమెరా మాత్రం కార్లోనే పక్క ఖైదీ దగ్గర కూర్చుండిపోతుంది, బయట తుపాకులు పేలతాయి, ఒక్క నిమిషంలో వాణ్ణి తెచ్చి మళ్ళీ అదే సీట్లో కూలేస్తారు. 1957లో కాన్ చిత్రోత్సవంలో బ్రెసాన్‌కి ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చారు. ఆ కారు సీన్ ఒక్కదానికే ఇచ్చినా నాకు అభ్యంతరం లేదు.

నా ఫ్రెండ్ ఒకడున్నాడు, ఈ మాటంటే చాలు జాక్ బెకర్ 1960లో తీసిన ‘లె ట్రూ’ ఇంకా గొప్పదని మొదలుపెడతాడు. అదీ జైలు సినిమానే, నేల తవ్వి పారిపోవాలని చూసిన ఖైదీల నిజం కథ, అందులో నిజంగా ఆ తవ్వకంలో పాల్గొన్న మనిషే నటించాడు, కాంక్రీటు నేలని నిజంగానే పగలగొడుతుంటే కట్ లేకుండా నిమిషాలకి నిమిషాలు చూపిస్తారు. మంచి సినిమా, కాదనను. కానీ దాంట్లో సుత్తి చప్పుడుకి చెవులు మూసుకున్నాను, దీంట్లో చెంచా చప్పుడు వినడానికి వాల్యూమ్ పెంచాను, కాబట్టి నా ఓటు దీనికే. వాడు ఒప్పుకోడు. ఆదివారం రెండూ వరసగా పెట్టుకుని చూద్దామన్నాడు, ముందు ఏది పెట్టాలో ఇంకా తేలలేదు.