లే ప్రీచర్ అనుమతి కోసం కొడుకు సంతకం అడిగిన ఇంటర్వ్యూ: నా అనుభవం

లే ప్రీచర్‌గా, అంటే పాస్టరు కాని సాధారణ విశ్వాసిగా, ఆదివారం ఆరాధనలో వాక్యం చెప్పడానికి నాకు అనుమతి ఇస్తున్నట్టు సంఘ కమిటీ రాసిన ఉత్తరం నిన్ననే చేతికి అందింది. బొబ్బిలి ప్రాంతంలోని మా సంఘంలో ఒక స్త్రీకి ఈ అనుమతి రావడం ఇదే మొదటిసారి కనుక, ఇదే దారిలో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఉపయోగపడుతుందని, కోపం ఇంకా పూర్తిగా చల్లారకముందే దీనిని రాస్తున్నాను. సంఘం పేరు, మనుషుల పేర్లు రాయను.

దరఖాస్తు పెట్టడం తేలిక. మా పాస్టరు అయ్యగారు సంతోషంగా సిఫారసు రాసి ఇచ్చారు. పాత నిబంధన, సువార్తలు, ప్రసంగం తయారుచేసే విధానం మీద జరిగిన రాతపరీక్ష, ఉద్యోగమంతా బడిలో పాఠాలు చెప్పిన నాకు కష్టమనిపించలేదు; పురుష అభ్యర్థులందరికంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాయని ఇక్కడ చెప్పుకోవడానికి నేను సిగ్గుపడను. కార్యదర్శి గారు మాత్రం నా దరఖాస్తు తన దగ్గరకు రాలేదని ఒకసారి అన్నారు. ఏ కాగితం ఇచ్చినా రెండో ప్రతి మీద తేదీతో సంతకం చేయించుకోండి. దేవుని పని కదా అని నమ్మకం మీద వదిలేయకండి.

అసలు కథ ఇంటర్వ్యూలో జరిగింది. ఆరాధన మందిరం వెనుక గదిలో అయిదుగురు పెద్దలు కూర్చున్నారు. వారిలో ఒకరు ఏడవ తరగతిలో నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడు. నేను ఆ గదిలో ఉన్నంతసేపు అతను తల ఎత్తలేదు. కార్యదర్శి గారు దరఖాస్తు తిరగేసి, “టీచరమ్మగారూ, భర్త అంగీకార పత్రం జత చేయలేదేమి?” అని అడిగారు. నా భర్త ప్రభువు నందు నిద్రించిన సంగతి, సమాధి కార్యక్రమానికి వచ్చి ముందు వరుసలో నిలబడిన ఆయనకు తెలియనిది కాదు. నేను మారు మాట్లాడకుండా మరణ ధ్రువపత్రం నకలు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దానికి వరుస సంఖ్య వేసి, దస్త్రంలో కుట్టి, “సరే, ఇది చాలదు, మీ అబ్బాయి చేత ఒక ఉత్తరం రాయించండి” అన్నారు. నేను కన్న బిడ్డ, నేను చెప్పిన వాక్యాలు కంఠస్థం చేసి సండే స్కూలులో బహుమతులు తెచ్చుకున్నవాడు, ఇప్పుడు నేను దేవుని వాక్యం చెప్పవచ్చని నాకు సెలవియ్యాలట! పురుష అభ్యర్థులలో ఎవరినైనా భార్య ఉత్తరం అడిగారా అని నేను అడిగితే గదిలో ఎవరూ పలకలేదు.

తరువాత నా చేత తిమోతికి రాసిన మొదటి పత్రిక రెండవ అధ్యాయం పైకి చదివించారు. స్త్రీ మౌనంగా ఉండాలని, ఉపదేశించడానికి సెలవియ్యనని అపొస్తలుడైన పౌలు అన్న పన్నెండవ వచనం దగ్గరకు రాగానే, “ఇక చాలమ్మా” అని ఆపించారు. ఆపించినా నేను వెనక్కి తిరిగి తొమ్మిదవ వచనం చదివాను. జడలు, బంగారం, ముత్యాలు వద్దనే ఆ వచనం పెద్దల ఇళ్ళలో పెళ్ళిళ్ళు జరిగినప్పుడు ఎవరికీ గుర్తుకు రావడం నేను చూడలేదు. ఆ మాటకు ఒకాయన నవ్వారు, మరొకాయన ముఖం ఎర్రబడింది.

ఇక్కడ ఒక సలహా. గలతీయులకు రాసిన పత్రికలో క్రీస్తునందు పురుషుడని స్త్రీ అని లేదన్న మాటతో వాదన మొదలుపెట్టకండి. అది రక్షణను గురించి చెప్పినది, పదవిని గురించి కాదనే జవాబు వారి దగ్గర సిద్ధంగా ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయంతో మొదలుపెట్టండి. అక్కడ పౌలు స్త్రీ ప్రార్థించేటప్పుడు, ప్రవచించేటప్పుడు తల మీద ముసుగు ఉండాలని చెబుతాడు. అసలు నోరే తెరవకూడదనుకున్నవాడు నోరు తెరిచేటప్పుడు ఎలా ఉండాలో ఎందుకు చెబుతాడు? పద్నాలుగవ అధ్యాయంలో స్త్రీలను మౌనంగా ఉండమన్నాడు, నిజమే. కానీ అదే అధ్యాయంలో అర్థం చెప్పేవాడు లేనప్పుడు ఆత్మావేశంలో ఇతరులకు అర్థం కాని భాషలు మాట్లాడేవాడినీ, వేరొకరికి దేవుని నుండి ప్రత్యక్షత కలిగినప్పుడు మాట్లాడుతున్న ప్రవక్తనూ మౌనంగా ఉండమన్నాడు. ఉజ్జీవ కూటాలలో మైకు వదలని పురుషులకు ఆ వచనాలు చూపించిన కమిటీని నేను ఇంతవరకు ఎరుగను.

ఇక తిమోతి పత్రిక సంగతి. పౌలు శిష్యుడైన తిమోతి ఉన్న ఊరు ఎఫెసు. భిన్నమైన బోధ చేసేవారిని ఆపడానికే పౌలు అతన్ని అక్కడ ఉండమన్నాడని ఆ పత్రిక మొదటి అధ్యాయమే చెబుతుంది. అంటే మౌనంగా ఉండాలన్న మాట ఆ ఊరి సమస్యకు చెప్పినదని నా వాదన. అదే ఎఫెసులో ప్రిస్కిల్ల, ఆమె భర్త అకుల కలిసి, లేఖనాలలో ప్రవీణుడైన అపొల్లోను తమ దగ్గర చేర్చుకొని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా వివరించారు. ఈ మాట చెప్పగానే కార్యదర్శి గారు, “అది ఇంట్లో చెప్పినది, పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీద కాదు” అన్నారు. ఆదిలో సంఘాలు కూడింది ఇళ్ళలోనే కదా అన్నాను.

నిజం చెప్పాలంటే, నన్ను ఇరుకున పెట్టగలిగిన ప్రశ్న ఒకటుంది. తిమోతి పత్రికలోని అదే రెండవ అధ్యాయం పదమూడవ వచనంలో పౌలు ఆదాము మొదట నిర్మింపబడ్డాడని సృష్టి క్రమాన్నే ఆధారంగా చూపుతాడు. దానిని ఎఫెసు ఊరి సమస్య అని తేలికగా తోసేయలేము. దానికి సమాధానం కోసం రాత్రిళ్ళు కూర్చొని తయారై వెళ్ళాను. అది అడగవలసిన అయిదుగురిలో ఒక్కరూ అడగలేదు. కొడుకు సంతకం దగ్గరే ఆగిపోయారు.

2013లో దక్షిణ ఇండియా సంఘం నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలిత గారిని బిషప్‌గా అభిషేకించిన విషయం ఎత్తితే, “అది వాళ్ళ సంఘం, మనది వేరు” అన్నారు. సరే, మనదే, మన సంఘానికి మూలమైన కెనడా బాప్టిస్టు మిషన్ సంగతే చూద్దామన్నాను. 1870లో కెనడాలోని నోవా స్కోషియాలో హన్నా మరియా నారిస్ అనే యువతి ఊరూరూ తిరిగి స్త్రీల మిషన్ సహాయ సంఘాలను కట్టింది. వివాహమైన తరువాత ఆమె కొంతకాలం పనిచేసింది అప్పట్లో చికాకోలు అని పిలిచిన మన శ్రీకాకుళంలోనే. ఆ తరువాత ఈ పల్లెలన్నీ కాలినడకన తిరిగి, గడప లోపలికి పురుషుడు వెళ్ళలేని ఇళ్ళలో సువార్త చెప్పినవారు బైబిలు స్త్రీలు. వారి నోట విన్న వాక్యంతో విశ్వాసులైన కుటుంబాలవారే ఈ రోజు కమిటీలో కూర్చొని స్త్రీ నోరు తెరవవచ్చా అని చర్చిస్తున్నారు.

కొడుకు ఉత్తరం నేను ఇవ్వలేదు. ఆ షరతు నియమావళిలో ఎక్కడుందో చూపించమని రాతపూర్వకంగా అడిగాను. చూపించలేకపోయారు, ఎందుకంటే అందులో లేదు. చివరకు పై సంఘం నుండి వచ్చిన పెద్దాయన ఒకరు దస్త్రం చూసి, అందులో మరణ ధ్రువపత్రం ఎందుకు కుట్టారని అడిగారట. ఆ వారంలోనే అనుమతి కదిలింది. నెలకు ఒక్క ఆదివారం, తల మీద ముసుగుతో చెప్పాలని షరతు పెట్టారు. ముసుగుకు నాకు అభ్యంతరం లేదు, ఎలాగూ వేసుకుంటాను. నెలకు ఒక్కసారే అన్నదానికి మళ్ళీ అర్జీ పెట్టాను.

మా స్త్రీల సమాజంలో మరొక అమ్మాయి ఇప్పుడు దరఖాస్తు నింపుతోంది. భర్త అంగీకారం గడి ఆ ఫారంలో ఇంకా అలాగే ఉంది. దానిని ఖాళీగా వదిలేయమన్నాను. ఆమె భర్త మంచివాడు, అడగకముందే సంతకం చేస్తానంటున్నాడు; ఆలస్యం కాకుండా చేయించేస్తానని ఆమె అంటోంది. ఈ విషయంలో మా ఇద్దరికీ ఇంకా మాట కుదరలేదు.