నాన్న కళ్లజోడు, నచికేతుడి ప్రశ్న

నాన్న పోయిన పదిహేను రోజులకి ఆయన కళ్లజోడు పెట్టె తెరిచాను. కుడి అద్దం మీద బొటనవేలి ముద్ర అలాగే ఉంది. ఎన్నిసార్లు చెప్పినా అద్దం పట్టుకునే తీసేవారు. తుడవబుద్ధి కాలేదు, మూసి లోపల పెట్టేశాను. ఆ రాత్రే మొదలైంది నాకు, పోయాక మనిషి ఏమవుతాడు, అసలు ఈ బతుకంతా ఎందుకు అని.

నిద్ర పట్టక మూడింటి దాకా ఫోన్‌లో ప్రసంగాలు వినేదాన్ని. ఒకాయన ఆత్మకు చావు లేదంటాడు, ఇంకొకాయన మెదడు ఆగితే అంతా అయిపోయినట్టే అంటాడు, వింటున్నంతసేపూ ఇద్దరిదీ నిజమే అనిపిస్తుంది, ఫోన్ పక్కన పెట్టగానే గుండెల్లో మళ్లీ అదే బరువు.

అప్పుడే కఠోపనిషత్తు చదివాను. నచికేతుడనే పిల్లాడు యముణ్ణి అడిగిందీ ఇదే కదా: పోయినవాడు ఉన్నాడని కొందరు, లేడని కొందరు అంటారు, ఏది నిజం? యముడు వెంటనే చెప్పడు. ఇది దేవతలకే తేలని సందేహం, ఇంకేదైనా కోరుకో, నూరేళ్లు బతికే కొడుకుల్నీ మనవల్నీ ఇస్తాను, ఏనుగులు, గుర్రాలు, బంగారం, నీకెంత కావాలంటే అంత ఆయుష్షు ఇస్తానంటాడు. అవన్నీ నీ దగ్గరే ఉంచుకో అంటాడు ఆ పిల్లాడు. యముడు తర్వాత చెప్పిన జవాబుకన్నా ఈ మాటే నన్ను ఎక్కువ పట్టుకుంది.

బుద్ధుడు వేరేలా చెప్పాడు. మాలుంక్యపుత్తుడనే భిక్షువు, లోకం శాశ్వతమా కాదా, తథాగతుడు, అంటే బుద్ధుడు, మరణించాక ఉంటాడా ఉండడా, ఇవి చెబితేనే మీ దగ్గర ఉంటానని పట్టుబడతాడు. విషబాణం దిగినవాడు, కొట్టినవాడి కులమేంటి, పొడుగా పొట్టా, విల్లు ఎలాంటిది, ఇవన్నీ తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే బతుకుతాడా అని అడుగుతాడు బుద్ధుడు. మొదట చదివినప్పుడు కోపమొచ్చింది, మాట దాటేశాడనిపించింది. కానీ ఆ తర్వాత రోజులూ అదే ఆలోచన: మరి నాకు దిగిన బాణం ఏది?

ఆఖరి నెలలో నాన్న రెండుసార్లు "కాసేపు కూర్చోమ్మా" అన్నారు. "పనుంది నాన్నా, మళ్లీ వస్తా" అన్నాను. ఇన్ని రాత్రులూ నేను నిజంగా అడుగుతున్నది ఆత్మ ఉందా లేదా అని కాదు. ఆయన ఏం చెప్పాలనుకున్నారు, నా గురించి ఏమనుకుంటూ వెళ్లిపోయారు అని. అది నోటితో అనలేక పెద్ద ప్రశ్న చాటున దాచుకున్నాను.

చివరికి అమ్మనడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "చెప్పడానికేం కాదే, నువ్వు పక్కనుంటే ఆయనకి బాగుండేది, అంతే" అంది. నాన్న పోయిన రోజున కూడా అంత ఏడవలేదు నేను.

పెద్ద ప్రశ్న ఎక్కడికీ పోలేదు, చదువుతూనే ఉన్నాను. ఈ వారం ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం. ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పైనుండి చూసేవాడికి తెలుసేమో, లేదా ఆయనకీ తెలియదేమో అని ముగుస్తుంది. అమ్మ పక్కన కూర్చుని చదివి వినిపించాను. ఆ చివరిది ఇంకోసారి చదవమంది.