సొరుగుల గదిలో రోజువారీ పని

టెక్సాస్‌లోని మా ఇంట్లో ఒక గది నిండా బాల్ పైథాన్లను (ఆఫ్రికాకు చెందిన చిన్నపాటి కొండచిలువలను) పెంచుతున్నానని, వాటి పిల్లలను అమ్ముతానని విన్నవారు సాధారణంగా రంగుల గురించీ ధరల గురించీ అడుగుతారు. (మన దేశంలో నాగుపామునో కొండచిలువనో ఇలా పెంచితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద శిక్ష పడుతుందని, ఉత్సాహపడే బంధువులకు ముందే చెబుతుంటాను.) నిజానికి ఆ గదిలో నా సమయమంతా నీటి గిన్నెలు కడగడానికి, మలం తీయడానికి, వేడి కొలవడానికే సరిపోతుంది, ఏ జతకు ఏ రంగు పిల్లలు పుడతాయో చూసే జన్యువుల లెక్కలకు మిగిలేది కొన్ని సాయంత్రాలు మాత్రమే.

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాలో పగలంతా ఎలుక బొరియల వంటి చోట్ల దాగి ఉండే జీవి కాబట్టి చీకటిగా ఉండే సొరుగుల ర్యాకులో నిశ్చింతగా ఉంటుంది. అయితే పాముకు ఒళ్లు పూర్తిగా చాచుకునే చోటు ఉండాలన్న విమర్శ న్యాయమైనదేనని తోచి, పెద్ద ఆడపాములను పొడవైన పెట్టెల్లోకి మార్చాను. సొరుగు వెనుక భాగాన హీట్ టేపు (కరెంటుతో వేడెక్కే పట్టీ) వల్ల 31, 32 డిగ్రీల సెల్సియస్ వేడి ఉంటుంది. ముందువైపు 26, 27 చాలు. ఆ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ చూపే అంకె దాని సెన్సార్ ఉన్న చోటికే వర్తిస్తుంది కనుక, ఉదయాన్నే పై అరలోనూ కింది అరలోనూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో విడిగా కొలుస్తాను.

ఆ తరువాత సొరుగులు తెరవడం మొదలవుతుంది. ముందు పిల్లలు, తరువాత పెద్దవి, అన్నిటికంటే చివర వేరే గదిలో ఉంచిన కొత్త పాములు. ఈ వరుస తారుమారైతే నా చేతులే రోగాన్ని మోసుకెళతాయి. కొత్తగా వచ్చిన పామును మూడు నెలలైనా విడిగా ఉంచడం నా నియమం, ఎందుకంటే శ్వాసకోశాన్ని దెబ్బతీసే నిడోవైరస్ పైకి ఆరోగ్యంగా కనిపించే పాములోనూ ఉండవచ్చు. నీటి గిన్నె అడుగున ఆవగింజ కంటే చిన్న నల్లని చుక్కలు కనిపించాయంటే అవి పాములను పట్టే గోమార్లే అని అనుమానించి, ఆ ర్యాకు మొత్తాన్నీ వెతకాలి. కుబుసం విడిచిన పాము కనిపిస్తే, ఆ పొరను వెలుతురులో పట్టుకొని రెండు కళ్లమీది పొరలూ, తోక కొసా ఊడివచ్చాయో లేదో చూస్తాను. ముక్కలుగా ఊడితే ఆ సొరుగులో తేమ చాలలేదని అర్థం.

మేత రోజు వేరు. ఘనీభవించిన ఎలుకలను ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పెట్టే ముందు వేడినీటిలో ఒళ్లు వెచ్చబడేలా ఉంచి, పొడవాటి పటకారుతో అందిస్తాను, ఎందుకంటే ఈ పాము మూతి దగ్గరి గుంటలతో వేడిని పసిగట్టి కాటు వేస్తుంది. పిల్లలకు వారానికొకసారి, పెద్దవాటికి ఇంకా అరుదుగా పెడతాను. కుబుసం విడవబోతూ కళ్లు పాలరంగుకు తిరిగిన పాముకు ఆ వారం మేత పెట్టను. బాల్ పైథాన్లు నెలల తరబడి తినకుండా ఉండడం అందరికీ తెలిసిన సంగతే కాబట్టి, బరువు నిలకడగా ఉన్నంతవరకు నేను కంగారుపడను. అందుకే ప్రతి సొరుగు మీదా ఒక కార్డు ఉంటుంది: బరువు, తిన్న తేదీ, కాదన్న తేదీ, కుబుసం. కంప్యూటరులో పట్టికలు ఉన్నా, చేతిలో పాము ఉండగా అక్కరకొచ్చేది ఆ కార్డే.

గుడ్లు పెట్టే ముందు ఆడపాము ఒకసారి కుబుసం విడుస్తుంది. అక్కడి నుంచి దాదాపు నెల రోజులకు గుడ్లు వస్తాయి. తల్లి చుట్టలోంచి వాటిని తీసేటప్పుడు, పైభాగాన పెన్సిలుతో గీత పెట్టి, అది తలకిందులు కాకుండా ఇంక్యుబేటరులో ఉంచాలి. దాదాపు రెండు నెలలకు పిల్లలు బయటికొచ్చి, వారం పది రోజుల్లో తొలి కుబుసం విడిచాకే మేతకు సిద్ధమవుతాయి. అప్పటికి ఒక్కొక్క పిల్లకూ వేరే సొరుగు, వేరే గిన్నె, వేరే కార్డు కావాలి. మొండికేసిన పిల్లకు ఓపికగా మేత అలవాటు చేయాలి, వరుసగా నాలుగైదుసార్లు తిన్నదాకా అమ్మకూడదు. ఆ పని పెరిగే తీరు తెలుసు కాబట్టే, జతకు తగిన బరువున్న ఆడపాముల్లో కొన్నిటిని ఈ సీజనులో మగపాముల దగ్గరికి చేర్చలేదు.