టంగ్‌స్టన్ గీతలు 69.5 కిలోవోల్టులు దాటాకే ఎందుకు?

కడపలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నాలు ఇల్లు కదిలే వీలు లేక ఎక్స్-కిరణాల వర్ణపటం (ఏ శక్తి దగ్గర ఎన్ని కిరణాలు వస్తాయో చూపే పటం) లెక్క బాగా ముందుకు సాగింది. నిజమైన ఎక్స్-రే గొట్టం జోలికి మాత్రం వెళ్లను. ఆ వోల్టేజీ, ఆ వికిరణం ఇంట్లో పెట్టుకోదగినవి కావు. ప్రచురిత విలువలు, స్ప్రెడ్‌షీట్ చాలు.

అవిచ్ఛిన్న భాగం (టంగ్‌స్టన్ లక్ష్యాన్ని ఢీకొన్న ఎలక్ట్రాన్లు వేగం తగ్గుతూ వెలువరించే, ఎడతెగని శక్తుల కిరణాలు) ముందే పూర్తయింది: దాని ఆకారాన్ని ఇచ్చే క్రామర్స్ సూత్రం, దానిపై 2.5 మిల్లీమీటర్ల అల్యూమినియం వడపోత. ఇప్పుడు అభిలాక్షణిక గీతల వంతు, అంటే ఆ లోహానికే ప్రత్యేకమైన శక్తుల దగ్గర లేచే సన్నని శిఖరాలు. టంగ్‌స్టన్ కె-ఆల్ఫా గీతలు 59.3, 58.0 దగ్గర, ముఖ్యమైన కె-బీటా 67.2 దగ్గర వస్తాయి (అన్నీ కిలో ఎలక్ట్రాన్ వోల్టులలో). స్ప్రెడ్‌షీట్‌లో వరుసకు వరుసకు మధ్య 0.2 తేడా పెట్టుకోవాలి. 2 పెడితే ఆల్ఫాలు రెండూ ఒకే దిమ్మెలా కలిసిపోతాయి.

గొట్టానికి 65 కిలోవోల్టులు ఇస్తే (ఎలక్ట్రాన్లకు 65 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వస్తుంది) ఈ గీతల్లో ఒక్కటీ రాకూడదు. 59.3 కన్నా 65 ఎక్కువే కదా, మరి ఎందుకు రాదు? నాకు అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే. గీత పుట్టాలంటే ముందు కె కర్పరంలోని (అన్నిటికన్నా లోపలి పొరలోని) ఎలక్ట్రాన్ పరమాణువును వదిలి పోవాలి. అందుకు 69.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ఆ ఖాళీలోకి దాని పై పొర అయిన ఎల్ కర్పరం నుంచి మరో ఎలక్ట్రాన్ దిగినప్పుడు రెండు మట్టాల మధ్య తేడా మాత్రమే కిరణంగా వెలువడుతుంది. చెల్లించేది పూర్తి ధర, చేతికి వచ్చేది చిల్లర.

అందుకే 69.5 లోపు గీతల ఎత్తు సున్నా అని రాశాను. ఆపైన వోల్టేజీని 69.5తో భాగించి, 1 తీసివేసి, 1.63వ ఘాతానికి పెంచాను. విద్యుత్ ప్రవాహం మార్చకుండా 80 నుంచి 100కు వెళితే గీతలు అయిదు రెట్లకు పైగా పెరిగాయి. అవిచ్ఛిన్న భాగం కుడి కొస 100 దాకా జరిగింది, గీతలు మాత్రం ఉన్నచోటనే నిలిచాయి. వాటి స్థానం పరమాణువు సొత్తు, వోల్టేజీది కాదు.

భౌతిక శాస్త్రవేత్త మోస్లే 1913లో కనుగొన్న నియమాన్ని కూడా సరిచూశాను: పరమాణు సంఖ్యలోంచి 1 తీసి, వర్గం చేసి, 10.2తో గుణిస్తే కె-ఆల్ఫా శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో వస్తుంది. రాగికి 8.0 కిలో వచ్చింది, అసలు విలువ 8.05. బల్లమీద మంగంపేట ముగ్గురాయి (బేరియం ఉండే ఖనిజం) ముక్క ఉంది కనుక బేరియమూ వేశాను: 30.9 వచ్చింది, అసలు 32.2. టంగ్‌స్టన్‌కు 54.4 మాత్రమే. బరువైన పరమాణువుల్లో లోపలి ఎలక్ట్రాన్ల వేగం బాగా ఎక్కువ కాబట్టి సాపేక్షతా ప్రభావం తోడవుతుంది. గీతల స్థానాలకు ప్రచురిత విలువలే వాడాలి.

టంగ్‌స్టన్ ఎల్ గీతలు 8.4, 9.7 దగ్గర ఉన్నా ఈ అల్యూమినియంలోనే ఆరిపోతాయి, వాటిని వదిలేశాను. తర్వాతి పని మాలిబ్డినం లక్ష్యం: గీతలు 17.5, 19.6, కె బంధన శక్తి (టంగ్‌స్టన్‌కు 69.5 లాంటిది) 20.0. అల్యూమినియం బదులు 0.03 మిల్లీమీటర్ల మాలిబ్డినం రేకునే వడపోతగా పెట్టి చూడాలి.