పేరు పెట్టి చెప్పే మెచ్చుకోలు

మా నాన్న గోదావరిఖనిలోని ఒక భూగర్భ బొగ్గు గనిలో సపోర్ట్‌మన్‌గా, అంటే పైకప్పు కూలకుండా ఊతాలు నిలబెట్టే కార్మికుడిగా, పనిచేసి పదవీ విరమణ పొందారు. ఏటా డిసెంబర్ 23న జరిగే సింగరేణి ఆవిర్భావ దినోత్సవంలో ఉత్తమ కార్మికులను సత్కరిస్తారు గానీ, ఆ వేదిక మీదికి ఆయనకు ఎన్నడూ పిలుపు రాలేదు. అయినా గనిలో తనకు దక్కిన గౌరవం గురించి అడిగితే, ఆయన నేటికీ ఒక ఉదయం సంగతే తలచుకుంటారు. ముందురోజు గని పైకప్పులో పగులు గమనించి, ఎవరూ చెప్పకముందే ఆయన అక్కడ అదనంగా రెండు ఊతాలు నిలబెట్టారు. మర్నాడు షిఫ్టుకు గనిలోకి దిగే ముందు, పని పర్యవేక్షించే ఓవర్‌మన్ అందరి ఎదుటా ఆ చోటును గుర్తుచేసి, ఆ ఊతాల వల్లనే రాత్రి షిఫ్టు వాళ్లు ధైర్యంగా పనిచేసుకోగలిగారని చెప్పారట. చేసిన పనిని చూసిన మనిషి, చూసినట్లు చెప్పడం వల్లనే ఆ మాట ఇన్నేళ్లు నిలిచిందని నా నమ్మకం.

బోనస్ సంగతి వేరు. చట్టం నిర్ణయించిన కనీస బోనస్, అంటే జీతంలో 8.33 శాతం, కార్మికుడి హక్కు. దానిని చెల్లించి మెచ్చుకున్నామని చెప్పుకోవడం సరికాదు.

అయితే 2024 దసరాకు ముందు సింగరేణి కార్మికులకు లాభాల వాటాగా 796 కోట్ల రూపాయలు ప్రకటించినప్పుడు, తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా తలా 5,000 రూపాయలు ఇచ్చారు. పర్మినెంటు కార్మికుడికి సగటున దాదాపు లక్షా తొంభై వేలు అందగా, ఈ మొత్తం చాలా చిన్నది; ఇంకా పెరగాలి. కానీ అదే బొగ్గు దుమ్ములో పనిచేసే వారిని లాభాల లెక్కలోకి తీసుకోవడం నాకు ఎంతో సంతోషం కలిగించింది.

ఆ వార్త చదివిన రోజే మా కార్యాలయంలో దీపావళి మిఠాయిల జాబితా నా బల్ల మీదికి వచ్చింది. అందులో ఏజెన్సీ ద్వారా వచ్చే కాపలావారి పేర్లు గానీ, పారిశుద్ధ్య సిబ్బంది పేర్లు గానీ లేవు. అంతకుముందు నాలుగేళ్లు అలాంటి జాబితా మీదనే నేను సంతకం చేశాను. ఈసారి గేటు దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరినీ అడిగి పదకొండు పేర్లు రాసుకున్నాను. వారిలో ఇద్దరి పేర్లు నాకు అప్పుడే మొదటిసారి తెలిశాయి.