మా పంచాయతీని మున్సిపాలిటీలో కలుపుతామన్నప్పుడు

అనంతపురం జిల్లాలో ఒక మున్సిపల్ పట్టణానికి మూడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల్లో నేను వార్డు మెంబరుగా గెలిచాను. 2025లో వానలు మొదలైన తర్వాత ఒకరోజు పంచాయతీ కార్యదర్శి ఫోన్ చేసి, "అక్కా, మన ఊరిని మున్సిపాలిటీలో కలిపే ప్రతిపాదన వచ్చింది, పంచాయతీ అభిప్రాయం అడిగినారు" అని చెప్పింది. 2027 జనాభా లెక్కల కోసం 2025 డిసెంబరు 31 తర్వాత ఊళ్ల సరిహద్దులు మార్చకూడదట. తొందరంతా అందుకే.

సాయంత్రానికే ఊరు రెండు మాటలైంది. రోడ్డు పక్క ప్లాట్లున్న వాళ్లు కలిస్తే మంచిదన్నారు. పైపులైను నీళ్లు వస్తాయి, కాలువలు కడతారు, స్థలాలకు రేటు పెరుగుతుంది. ఊరి లోపలి వాళ్లకు అదే రేటు భయం. మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఆస్తి విలువను బట్టి వేస్తారు, నివాసాలకైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం దాకా. రిజిస్ట్రేషన్ రేటు పెరిగితే పన్నూ పెరుగుతుంది. కానీ అంతకన్నా పెద్ద భయం జాబ్ కార్డుది. శనక్కాయ పంట అయిపోయాక మా ఊళ్లో చాలా ఇళ్లకు ఉపాధి పనులే ఆధారం. అప్పటికి ఏడాదికి 100 రోజుల పని, అది కూడా పల్లెల్లో ఉన్న కుటుంబాలకే. ఊరు పట్టణమైతే ఆ కార్డు చెల్లదు.

మొదట మేం చేసిన పని అందరూ చేసేదే. తెల్లకాగితం మీద అర్జీ రాసి, ఇల్లిల్లూ తిరిగి సంతకాలు తీసుకుని ఒక ఆఫీసులో ఇచ్చి వచ్చాం. ముట్టినట్టు ఏమీ రాయించుకోలేదు. మూడు వారాల తర్వాత వెళ్లి అడిగితే అలాంటి కాగితమే రాలేదన్నారు. ఆ సంతకాల్లో వేలిముద్రలు చాలా ఉన్నాయి. కూలికి పోకుండా ఆగి వేసినవాళ్లున్నారు. వాళ్లకు ఏం చెప్పాలో తెలియక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా పెద్దబావ మండల ఆఫీసులో పనిచేసి రిటైరైనారు. ఆయన దగ్గరికి పోతే, "సంతకాలు ఎన్ని పెట్టినా అది అర్జీనే అమ్మా. తీర్మానాల పుస్తకంలో ఎక్కితేనే అది పంచాయతీ మాట" అన్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం మూడో సెక్షన్ తీసి చదివి వినిపించారు. ఒక గ్రామం హద్దులు మార్చాలన్నా, గ్రామంగా ఉండకుండా చేయాలన్నా, అభ్యంతరం చెప్పుకోవడానికి ఆ పంచాయతీకి తగిన అవకాశం ఇవ్వాలి. చెప్పినదాన్ని ప్రభుత్వం పరిశీలించాలి. పరిశీలించాలని మాత్రమే, ఒప్పుకోవాలని కాదు. "ఇది ఓటింగ్ కాదు, మీరు వద్దంటే ఆగిపోదు. వద్దనడానికి కారణం కాగితం మీద బలంగా ఉండాలి" అని ఆయన గట్టిగా చెప్పారు.

ఆ కారణాలు ఎక్కడ వెతకాలో కూడా ఆయనే చూపించారు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో 243క్యూ అధికరణం వచ్చింది. ఒక ప్రాంతాన్ని పట్టణంగా ప్రకటించే ముందు అక్కడి జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయం కాని పనుల మీద బతికేవాళ్ల శాతం, ఆర్థిక ప్రాముఖ్యం చూడాలని అందులో ఉంది. నాలుగోది చదవగానే మాకు దారి దొరికినట్టయింది. ఎవరు ఏ పని చేసి బతుకుతున్నారో మేమే రాసుకోవాలి.

పది రోజులు సాయంత్రాలు నోటుపుస్తకం పట్టుకుని తిరిగాం. నా వార్డులో 86 ఇళ్లు ఉంటే, ఉపాధి పనికి పోయేవి 61. కొన్ని ఇళ్ల దగ్గర చాలాసేపు ఆగాల్సి వచ్చింది. రెండెకరాల చేను ఉండి, పొద్దున టౌన్లో ఆటో తోలే అతన్ని ఏ వరుసలో రాయాలి? అతన్నే అడిగాం. "ఆటో అప్పు తీర్చడానికక్కా, చేను తినడానికి" అన్నాడు. రెండు వరుసల్లోనూ రాశాం. లెక్క మాకు అనుకూలంగా రావాలని మార్చలేదు. ఆఫీసర్లు వచ్చి చూసినా అదే కనపడాలి.

గ్రామసభ స్కూలు ఆవరణలో పెట్టాం. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ సభ్యులే కాబట్టి ముందురోజే దండోరా వేయించాం. ఒక అవ్వ లేచి, "కార్డు పోతే మేం పనికి యాడికి పోవల్ల నాయనా?" అంది. వెంటనే రోడ్డు పక్క కాలనీ పిల్లోడు నన్ను చూసి, "అక్కా, మా వీధికి ట్యాంకర్ వస్తేనే నీళ్లు. ఆ కార్డు కోసం మేం ఎన్నేళ్లు బిందెలు పట్టుకుని నిలబడాల?" అన్నాడు. అతని మాటలో తప్పేమీ లేదు. అప్పటిదాకా మేం రాసిన దాంట్లో ఆ కాలనీ గురించి ఒక్క వాక్యం లేదు.

అందుకే తీర్మానం మార్చాం. గ్రామం మొత్తాన్ని కాకుండా అందులో ఒక భాగాన్ని విడదీయడానికి కూడా అదే సెక్షన్‌లో వీలుంది. ఊరినీ చేలనూ పంచాయతీగానే ఉంచాలని, కాలనీ వాళ్లు కోరుకుంటే ఆ భాగాన్ని మాత్రం కలపడానికి మాకు అభ్యంతరం లేదని రాశాం. వార్డులవారీ లెక్కలు వెనక జతచేశాం. సర్పంచ్, మెంబర్లు సంతకాలు చేశారు. ఒక మెంబరు మాత్రం పూర్తిగా కలిస్తేనే మంచిదని అసమ్మతి రాయించారు, అది కూడా పుస్తకంలో ఉంది.

పంచాయతీ అభిప్రాయం చెప్పే గడువుకు రెండు రోజులే ఉందని టెన్షన్. ఈసారి ఎంపీడీఓ ఆఫీసులో, డీపీఓ (జిల్లా పంచాయతీ అధికారి) ఆఫీసులో, సోమవారం కలెక్టరేట్ అర్జీల కార్యక్రమంలో మూడుచోట్లా ఇచ్చి, మా కాపీ మీద తేదీ, ఇన్‌వార్డ్ నంబరు (కాగితం ముట్టినట్టు రిజిస్టర్‌లో ఎక్కించే నంబరు), ముద్ర వేయించుకునేదాకా కదల్లేదు. తర్వాత విచారణకు పిలిచినప్పుడు ఒక అధికారి ఆ లెక్కల కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూశారు, ఆటో అతని గురించి కూడా అడిగారు.

డిసెంబరు 31 దాటింది. మా ఊరి పేరుతో నోటిఫికేషన్ రాలేదు. జనాభా లెక్కలయ్యాక ఫైలు మళ్లీ కదలొచ్చని కార్యదర్శి అంటోంది. కాలనీకి ఇంకా ట్యాంకరే వస్తోంది. పైపులైను కోసం పంచాయతీ నుంచి వేరే తీర్మానం పెట్టాం, దానికీ ఇన్‌వార్డ్ నంబరు తీసుకున్నాను.